చిన్న ఇల్లు, పెద్ద పెరడు

సన్నీవేల్‌లో ఇల్లు కొనుక్కున్నామని చెప్పగానే మనవాళ్ళు అడిగే ప్రశ్నలు మూడు: బెడ్‌రూములు ఎన్ని, స్కూలు ఎలాంటిది, ఆఫీసు ఎంత దూరం. పెరడు ఎంత ఉందని అడిగినవారు ఇంతవరకు ఒక్కరూ లేరు. ఈ నెల మన పత్రికకు ఏదైనా రాయమని సంపాదకులు అడిగినప్పుడు, ఎవరూ అడగని ఆ నాలుగో ప్రశ్నకే జవాబు రాస్తే బాగుంటుందనిపించింది.

ముందు ఇంటి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాము. 1954లో కట్టిన కొయ్య ఇల్లు. 1100 చదరపు అడుగులు. మూడు పడకగదులని కాగితాల్లో ఉంది గాని, మూడోదాంట్లో మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. స్నానాలగది ఒక్కటే. వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవారు బయటనుంచే మాట్లాడాలి. పోపు వేస్తే ఇల్లంతటికీ తుమ్ములు. గృహప్రవేశానికి వచ్చిన మిత్రులు మర్యాదకు ఏమీ అనలేదు గాని, వారి ముఖాలు చూస్తే "ఇంత సొమ్ము పోసి ఇదా కొన్నారు!" అన్న మాట చదువుకోవచ్చు. నిజానికి ఈ ఊళ్ళో మనం కొనేది ఇల్లు కాదు, నేల. ఆ నేల మాకు 7000 చదరపు అడుగుల చిల్లర వచ్చింది. అందులో ఇల్లు పోగా మిగిలిందంతా పెరడే.

ఆ పెరట్లో మేము నాటకుండానే కాస్తున్న చెట్లు అయిదు: ఒక ముసలి ఏప్రికాట్, ఒక మేయర్ నిమ్మ, ఒక అత్తి, ఒక పెర్సిమన్, కంచె వెంట దానిమ్మ గుబురు. ఇవన్నీ ఎవరెవరో పెట్టినవి. తినేది మాత్రం మేమూ, ఉడుతలూ. రాముడు వీపు నిమిరిన ఉడుతల వంశం కాదేమో, వీటికి కృతజ్ఞత బొత్తిగా లేదు. ప్రతి పండూ ఒక్క కొరుకు కొరికి అవతల పారేస్తాయి.

లోయ కథ

ఈనాడు కంప్యూటర్ల పేరుతో లోకమంతా ఎరిగిన ఈ శాంటా క్లారా లోయ ఒకప్పుడు పండ్ల తోటల లోయ. 1777లో వెలిసిన శాంటా క్లారా మిషన్ వారు పండ్ల చెట్లు పెంచారు. 1856లో ఫ్రాన్స్‌లోని ఆజెన్ ప్రాంతం నుంచి ప్రూన్ అంటు పుల్లలు శాన్ హోసేకు వచ్చాయి. ఆ తరువాత వంద సంవత్సరాలపాటు ప్రూన్, ఏప్రికాట్, చెర్రీ, పేర్ తోటలు కొండల అంచుదాకా విస్తరించాయి. వసంతంలో లోయంతా తెల్లగా పూసేది. పండ్లను డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలు ఊరూరా ఉండేవి. సన్నీవేల్‌లో లిబ్బీ కంపెనీ వారి నీళ్ళ ట్యాంకు, పండ్ల డబ్బా బొమ్మతో సహా, ఆఫీసు భవనాల మధ్య ఇప్పటికీ నిలబడి ఉంది. ఆ దారిన పోయే మనవాళ్ళు అదేదో ప్రకటన అనుకుంటారు. కాదు, అది ఈ ఊరి పాత ఉద్యోగానికి గుర్తు.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జనం పెరిగారు. 1956లో లాక్‌హీడ్ వారి క్షిపణుల విభాగం సన్నీవేల్ చేరింది. తోటలు కొట్టి వరుసగా చిన్న చిన్న ఇళ్ళు కట్టారు. కట్టేటప్పుడు కొన్నిచోట్ల స్థలానికొకటి రెండు చెట్లను అలాగే వదిలేశారు. మా ఏప్రికాట్ అలా మిగిలిందేనని పక్కింటి పెద్దావిడ మాకు చూపించి చెప్పింది. చూపించింది అని ఎందుకు అంటున్నామంటే, మా చెట్టు దగ్గర నిలబడి కంచె మీదుగా చూస్తే ఆవిడ పెరట్లో ఒకటి, ఆ అవతలి పెరట్లో ఇంకొకటి, మూడూ ఒకే గీతమీద ఉంటాయి. దారం పట్టి నాటినట్టు. పెరళ్ళు మూడు, యజమానులు ముగ్గురు, తోట వరుస మాత్రం ఒకటే.

ఈ ఊరి తోటల్లో పేరు మోసిన ఏప్రికాట్ రకం బ్లెన్‌హైమ్. పండు చిన్నది, భుజాల దగ్గర కొంచెం పచ్చగానే ఉంటుంది, మెత్తగా ఉంటుంది గనుక లారీ ప్రయాణాన్ని తట్టుకోదు. అందుకే అంగళ్ళలో దొరకదు. రుచి మాత్రం, హైదరాబాదు వాళ్ళు ఖుబానీ కా మీఠా తిని ఉంటారు గదా, ఆ ఎండు పండు పచ్చిగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకోండి, దానికి నాలుగింతలు. సన్నీవేల్ నగరం వారు కమ్యూనిటీ సెంటరు పక్కనే ఒక ఏప్రికాట్ తోటను ఆర్చర్డ్ హెరిటేజ్ పార్కు పేరుతో కాపాడుతున్నారు. పిల్లలను ఒకసారి తీసుకువెళ్ళండి.

నేల, నీరు

మొదటి వేసవిలో పెరడంతా నెర్రెలు విచ్చింది. చెయ్యి దూరేటంత పగుళ్ళు. మేము బెంబేలు పడుతూంటే, నరసరావుపేట దగ్గరి పల్లెలో పుట్టి పెరిగిన పిల్లల నాయనమ్మ గారు వచ్చి ఒక గడ్డ చేతిలోకి తీసుకుని నలిపి, "ఇది మన రేగడే గదరా, నల్లగా లేదంతే" అన్నారు. మాట నిజం. వానకు ఉబ్బి బంకగా మారడం, ఎండకు కుంచించుకుని పగలడం రెండు నేలలకూ ఒకే గుణం. తడిగా ఉన్నప్పుడు తొక్కకూడదు, ఎండినప్పుడు గునపం దిగదు, మధ్యలో వచ్చే నాలుగు రోజుల పదునులోనే పని కానివ్వాలి. ఈ పదును సంగతి ఏ పుస్తకమూ చూడకుండా ఆవిడకు తెలుసు.

తేడా అంతా వానలో ఉంది. మన ఊళ్ళో వాన వేసవి వెనుక వస్తుంది, పైరు వాన వెంట నడుస్తుంది. ఇక్కడ నవంబరు నుంచి మార్చి దాకా చలిలో వాన, వేసవంతా ఒక్క చినుకు పడదు. ఏడాది మొత్తానికి పడేది 15 అంగుళాలకు అటూ ఇటూ. కాబట్టి కొత్తిమీర, మెంతికూర, పాలకూర, ఆవ వంటివి కార్తీకం నుంచి వాన నీళ్ళతోనే చక్కగా వస్తాయి. గోంగూర, దోస, సొర, బచ్చలికి మాత్రం మే నెలలో నేల వెచ్చబడ్డాక విత్తి, వేసవంతా నీళ్ళు కొని పొయ్యాలి. ఇక్కడ రాత్రులు చల్లన గనుక ఎదుగుదల నెమ్మది. గోంగూర జూలై దాకా ఆలోచించుకుని, అక్టోబరులో పగళ్ళు తగ్గగానే పూతకు వెళ్ళిపోతుంది. కోసుకోవలసిందంతా ఆ మధ్యలోనే.

నీళ్ళ విలువ ఈ రాష్ట్రానికి ఎవరూ నేర్పనక్కరలేదు. మేము రాకముందే, 2014 జనవరిలో గవర్నరు కరువు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 2015 ఏప్రిల్‌లో రాష్ట్రం మొత్తం మీద పట్టణాల నీటి వాడకం 25 శాతం తగ్గాలని ఉత్తర్వు వచ్చింది. అప్పుడు చాలామంది పచ్చిక ఎండగట్టారు. ఆ పచ్చిక నీటి మీద బతుకుతున్న ముసలి చెట్లు కూడా కొన్ని దానితో పోయాయి. ఇది గుర్తుంచుకోవలసిన విషయం. పచ్చిక తీసేస్తే చెట్టుకు వేరే నీళ్ళు ఏర్పాటు చెయ్యాలి. మేము ముందుభాగం పచ్చిక తీసేసి, చెట్ల చుట్టూ కొమ్మల ముక్కలు ఆరు అంగుళాల మందాన పరిచి, మొదలుకు కొంచెం ఎడంగా బిందు సేద్యం గొట్టాలు వేశాము. రోజూ కాసిని పొయ్యడం కన్నా, వారాలకొకసారి లోతుగా తడపడం రేగడికీ మంచిది, బిల్లుకూ మంచిది.

ఇంకొక హెచ్చరిక. 1978కి ముందు కట్టిన ఇళ్ళ గోడలకు సీసం కలిసిన రంగులు వేసి ఉండవచ్చు. అవి పెచ్చులూడి గోడ పక్క మట్టిలో కలుస్తాయి. పాత తోటల్లో సీసం, ఆర్సెనిక్ కలిసిన పురుగుమందులు కూడా ఒకప్పుడు వాడేవారు. ఆకుకూరలు వెయ్యబోయే ముందు మట్టిని ప్రయోగశాలకు పంపించండి, ఖర్చు పెద్దది కాదు. నేలలో సీసం విషయంలో కాలిఫోర్నియా వారు పిల్లల కోసం పెట్టుకున్న కొలబద్ద పది లక్షల పాళ్ళకు 80. మా గోడ పక్క మట్టి ఆ గీత దాటింది, చెట్ల కింద మట్టి దాటలేదు. కాబట్టి గోడ పక్కన పూల మొక్కలు పెట్టి మట్టి కనిపించకుండా కప్పేశాము. గోంగూరకూ బచ్చలికీ పెరటి మధ్యలో చెక్క పెట్టెలు కట్టి, కొన్న మట్టి నింపాము. పిల్లలు బయటనుంచి రాగానే చేతులు కడుక్కోవాలన్న ఇంటి చట్టం కూడా ఆనాటినుంచే అమలయింది.

పెరట్లోంచి వంటింట్లోకి

ఏప్రికాట్ ఫిబ్రవరి చివర పూస్తుంది. ఉగాది వచ్చేసరికి చెట్టునిండా పిందెలు. గుత్తులుగా కాసిన వాటిని పలచన చేయకపోతే పండు పెరగదు, కొమ్మలు విరుగుతాయి. రెండు పిందెలకు మధ్య రెండు మూడు అంగుళాల ఎడం ఉంచి మిగతావి తుంపెయ్యాలి. అమెరికా వాళ్ళు వాటిని ఎరువులో వేస్తారు. నాయనమ్మ గారు ఒకటి కొరికి చూసి, మారు మాట్లాడకుండా కొంగులో పోసుకుని లోపలికి వెళ్ళారు. ఆ పులుపు అచ్చంగా మామిడి పిందె పులుపు. ఆ రోజునుంచి మా ఇంట్లో ఉగాది పచ్చడికీ, పప్పులోకీ, ముక్కల ఊరగాయకూ ఈ పిందెలే. ఒక్క జాగ్రత్త: గింజ తీసేసి వాడాలి. ఏప్రికాట్ గింజలోని చేదు మంచిది కాదు, అది కడుపులో సైనైడ్‌గా మారే పదార్థం.

జూన్ చివర పండ్లు వస్తాయి. వస్తే అన్నీ ఒక్కసారే. రెండు మూడు వారాల్లో మొత్తం అయిపోతుంది. ఇంట్లో వాళ్ళం, ఆఫీసుల వాళ్ళు, లివర్‌మోర్ గుడికి పట్టుకువెళ్ళిన బుట్టలు, అన్నీ పోగా ఇంకా మిగులుతాయి. ఇక్కడ జూలై ఎండకు తేమ లేదు, వాన భయం లేదు. మన ఊళ్ళో మామిడి తాండ్ర పోసేవారికి ఇంతకన్నా వరం ఏముంది! గుజ్జు తీసి, కొంచెం పంచదార కలిపి, గుడ్డ మీద పొర మీద పొర పోస్తూ ఆరబెడితే ఏప్రికాట్ తాండ్ర తయారు. పండ్లను చీల్చి, గింజ తీసి, లోపలి వైపు పైకి ఉండేలా ఎండబెడితే ఒరుగులు.

ఒరుగుల దగ్గరే నాయనమ్మ గారికీ పక్కింటి పెద్దావిడకూ స్నేహం కుదిరింది. ఆవిడది పోర్చుగల్ దీవులయిన అజోర్స్ నుంచి వచ్చిన కుటుంబం. చిన్నతనంలో వేసవి సెలవులన్నీ పండ్ల షెడ్లలో ఏప్రికాట్లు చీల్చడంలోనే గడిచాయట. ఈ లోయ పాతకాపులు అందరిలాగే ఆవిడ వాటిని 'కాట్స్' అనే అనేది. నాయనమ్మ గారికి ఇంగ్లీషు రాదు, ఆవిడకు తెలుగు రాదు. కంచెకు చెరోవైపు కూర్చుని ఇద్దరూ రెండు భాషల్లో ఏకబిగిన మాట్లాడుకునేవారు. రంగు పోకుండా గంధకం పొగ పట్టాలని ఆవిడ వాదం. నల్లబడితేనేం, రుచి ఎక్కడికి పోతుందని ఈవిడ వాదం. ఏ ఒక్కరూ ఓడిపోలేదు. చెరొక పళ్ళెం ఇచ్చి పుచ్చుకున్నారు.

కత్తిరింపు విషయం కూడా ఆవిడ చెప్పిందే, తరువాత విశ్వవిద్యాలయం వారి కరపత్రంలోనూ చూశాము. తక్కిన పండ్ల చెట్లను చాలావరకు చలికాలంలో కత్తిరిస్తారు గాని ఏప్రికాట్‌ను ఆగస్టులో కత్తిరించాలి. వానలో వచ్చే యూటైపా అనే బూజు పచ్చి గాట్లగుండా చొరబడి కొమ్మలను చంపుతుంది. తొలివానకు కనీసం ఆరు వారాల ముందే కత్తిరింపు ముగించాలి.

కరివేపాకు సంగతి

ఇది మన సంఘంలో ప్రతి ఇంటికీ సంబంధించినది గనుక కొంచెం గట్టిగానే రాస్తున్నాము. మా మేయర్ నిమ్మ వెనుక ఒక చరిత్ర ఉంది. ఫ్రాంక్ మేయర్ అనే ఆయన 1908లో చైనా నుంచి తెచ్చిన రకం అది. ఆ చెట్లు పైకి ఆరోగ్యంగా ఉంటూనే నారింజ జాతులను చంపే వైరస్‌ను మోస్తున్నాయని తరువాత తేలింది. వైరస్ లేని రకాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 1975లో విడుదల చేశారు. ఒక మొక్క వెంట ఒక తెగులు ఎలా ప్రయాణం చేస్తుందో చూడండి.

ఇప్పుడు అదే కథ మన కరివేపాకుతో నడుస్తోంది. ఏషియన్ సిట్రస్ సిల్లిడ్ అనే చిన్న పురుగు నిమ్మ, నారింజ చెట్లకు మందులేని గ్రీనింగ్ తెగులును అంటిస్తుంది. ఈ పురుగు 2008లో కాలిఫోర్నియాలో శాన్ డియేగో కౌంటీలో కనిపించింది. తెగులు 2012లో లాస్ ఏంజెలస్ కౌంటీలో బయటపడింది. ఈ పురుగుకు కరివేపాకు లేత చిగురంటే ప్రాణం, అక్కడే గుడ్లు పెడుతుంది. ఫ్లోరిడా తోటలను ఈ తెగులు ఎంత దెబ్బ తీసిందో పత్రికల్లో చూస్తూనే ఉన్నాము.

కనుక మనవి: ఇండియా నుంచి సూట్‌కేసులో కరివేప మొక్క తేకండి. ఇతర రాష్ట్రాల చుట్టాలు, ఇతర కౌంటీల స్నేహితులు ప్రేమతో ఇచ్చినా పుచ్చుకోకండి. లైసెన్సు ఉన్న నర్సరీలో చీటీ కట్టి అమ్మే మొక్కనే కొనండి. అది కుండీలో దక్షిణపు గోడ పక్కన బతుకుతుంది. డిసెంబరు, జనవరి మంచు రాత్రులు లోపల పెట్టుకోవాలి. చలికి ఆకు పండి రాలిపోతే భయపడకండి, వేసవికి చిగురిస్తుంది. మన పోపు కోసం పక్కింటివారి నిమ్మచెట్టు పోకూడదు.

గదా, చెట్టా?

కిందటేడాది నాయనమ్మ గారు ఇక మా దగ్గరే ఉండిపోవడానికి వచ్చారు. ఆవిడ మోకాళ్ళకు రాత్రిళ్ళు వసారా పొడుగునా నడిచి స్నానాలగదికి వెళ్ళడం కష్టం. ఇంటికి ఒక గది, ఒక స్నానాలగది కలపక తప్పదు. వచ్చి చూసిన మేస్త్రీ ఒక్కటే దారి చూపించాడు: వెనక్కు పెంచాలి, ఏప్రికాట్ కొట్టెయ్యాలి. ఎలాగూ మొదలు సగం డొల్ల, ఇంకెంతకాలం బతుకుతుంది అన్నాడు.

అదే సమయంలో పక్కింటి పెద్దావిడ కూతురి దగ్గరకు వెళ్ళిపోతూ ఇల్లు అమ్మేసింది. కొన్నవారు పాత ఇల్లు పడగొట్టి స్థలం నిండా రెండంతస్తులు కట్టబోతున్నారని తెలిసింది. అంటే వరుసలో నడిమి చెట్టు పోయినట్టే. మూడో పెరటిది కరువులోనే సగం ఎండింది.

ఇంట్లో నెల రోజులు చర్చ నడిచింది. చెట్టు నిలవాలని పిల్లలు. అందరికన్నా నిక్కచ్చిగా మాట్లాడింది నాయనమ్మ గారే. "చెట్టుదేముంది, ఇంకోటి పెడితే వస్తుంది. నాకు బాత్‌రూము దగ్గరలో ఉండాలి" అన్నారు. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. ఊరొదిలి, ఇల్లొదిలి వచ్చిన మనిషికి ఒక చెట్టు నీడ చూపించి సర్దుకోమనడం న్యాయమూ కాదు.

చివరికి దారి ఇంటి ముందువైపు దొరికింది. 2020 నుంచి అమలులో ఉన్న రాష్ట్ర చట్టం ప్రకారం గ్యారేజీని చిన్న నివాసంగా మార్చుకుంటే, పోయిన కారు స్థలానికి బదులు చూపించమని నగరం వారు అడగకూడదు. గ్యారేజీ నాయనమ్మ గారి గది అయింది. పక్కనే స్నానాలగది, పట్టుకోవడానికి గోడకు కడ్డీలు, గడప లేని తలుపు. వెనక గోడకు ఒక కిటికీ పెట్టించాము. కార్లు రెండూ వీధిలో ఎండకు ఎండుతున్నాయి. బట్టలుతికే యంత్రం మూడో పడకగదిలోకి చేరింది. ఇల్లు ఇంకా ఇరుకయింది, ఒప్పుకోవలసిందే.

కాని ముసలి చెట్టు మీద మాకు భ్రమలు లేవు. డొల్ల డొల్లే. కిందటి జనవరిలో, ఇల్లు చేతులు మారకముందే, పెద్దావిడ అనుమతితో ఆవిడ చెట్టు నుంచీ మా చెట్టు నుంచీ పెన్సిలు మందం అంటు పుల్లలు కోసి, తడిగుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాము. ఆ రోజు నాయనమ్మ గారు ఆవిడకు ఒక తాండ్ర చుట్ట ఇచ్చారు. ఆవిడ తన కత్తిని, షెడ్లలో ఏప్రికాట్లు చీల్చిన చిన్న వంపు కత్తిని, ఈవిడ చేతిలో పెట్టింది. ఫిబ్రవరి చివర, రేగడిని తట్టుకునే ప్లమ్ వేరు మొక్కల మీద ఆ పుల్లలను అంటు కట్టాము. ఆరు కడితే నాలుగు చిగురించాయి. రెండు మా పెరట్లో, ఒకటి ఆవిడ కూతురి ఇంట్లో, ఒకటి మా అబ్బాయి స్నేహితుడి ఇంట్లో ఉన్నాయి.

అంటు కట్టడం నేర్చుకోవాలనుకునే వారికి, కాలిఫోర్నియా రేర్ ఫ్రూట్ గ్రోయర్స్ అని 1968లో మొదలైన సంఘం ఒకటుంది. వారి శాంటా క్లారా వాలీ శాఖ వారు జనవరిలో అంటు పుల్లల సంత పెడతారు. ఎవరి చెట్టు పుల్లలు వారు తెచ్చి పంచుకుంటారు. నిమ్మ, నారింజ పుల్లలు మాత్రం పైన చెప్పిన కారణం చేత తేనివ్వరు. మనవాళ్ళు అక్కడ కనిపించడం తక్కువ, కనిపించాలి.

ఈ జనవరిలోనూ మేము ఏప్రికాట్ పుల్లలు కోస్తాము. కావలసినవారు సంఘం సమావేశంలో ముందుగా చెబితే పొట్లాలు కట్టి తెస్తాము. స్థలం లేదని వెనకాడకండి. వేరు మొక్కను సగం పీపాలో పెట్టినా రెండు మూడేళ్ళలో కాపుకొస్తుంది. కాసిన మొదటి సంవత్సరం పిందెలు తుంపేటప్పుడు మాత్రం పారెయ్యవద్దు. పప్పులో వేసుకోండి, లేదంటే నాయనమ్మ గారికి పంపండి.